ఆ సదస్సులో నాకేం పని?

"వదినా, శనివారం నీకేమైనా పనుందా?" అని మా ఆడపడుచు ఫోన్ చేస్తే, ఏ చీరల షాపుకో తోడు రమ్మంటుందనుకున్నాను. తను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతుంది. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండు రోజుల ప్రాంతీయ సదస్సు జరుగుతోందట. డిజిటల్ ఆవిష్కరణలు, వర్చువల్ లెర్నింగ్ అన్నది అంశం. అందులో తను పేపర్ చదవాలి. "ఎవరైనా రావచ్చు వదినా. ఐదొందలు కడితే సంచీ, భోజనం, సర్టిఫికెట్ ఇస్తారు. ఒక్కదాన్నే వెళ్ళడం బోర్" అంది.

నేను బి.ఏ. తెలుగు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇంట్లో వైఫై ఆగిపోతే దాని తీగ ఒకసారి పీకి మళ్ళీ పెట్టడం దాకా నా సాంకేతిక పరిజ్ఞానం. మా ఆయనకి చెబితే పేపర్లోంచి తల పైకెత్తి, "అక్కడ నీకేం పని?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. నాకూ వెంటనే జవాబు తట్టలేదు. మా అత్తగారే, "వెళ్ళిరానీరా, పప్పు కుక్కర్లో నేను పడేస్తాలే" అన్నారు.

ఆ "నీకేం పని" అన్న మాట గురించే ఇవాళ రాస్తున్నాను. అప్పట్నుంచి ఇలాంటి సదస్సులు మూడింటికి వెళ్ళాను. మూడు చోట్లా అదే ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురైంది. మొదటిసారి గేటు దగ్గరే. రిజిస్ట్రేషన్ బల్ల వెనక కూర్చున్న కుర్రాడు లాప్‌టాప్‌లో నా పేరు కొట్టి, "మేడమ్, మీ ఇన్‌స్టిట్యూషన్?" అన్నాడు. "ఏ సంస్థా లేదు బాబూ, గృహిణిని" అన్నాను. పాపం ఇబ్బంది పడ్డాడు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకి కదలదట. హోదా అన్న చోట ప్రొఫెసర్, లెక్చరర్, రీసెర్చ్ స్కాలర్, స్టూడెంట్, ఇండస్ట్రీ, అదర్స్ అని ఉన్నాయి. చివరికి నేను 'అదర్స్' అయ్యాను. సంస్థ దగ్గర వాడే ఏదో కొట్టేశాడు. మెడలో వేసుకునే కార్డు మీద చూసుకుంటే నా పేరు కింద 'నిల్' అని ఉంది.

పోనీలెండి, కార్డుదేముంది. లోపల ఏసీ బాగుంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. పొద్దున్న పదిన్నరకి ఎవరో చేతికి కాఫీ అందించడం నాకు కొత్త. ముందే చెబుతున్నాను, నాకు ఆ సదస్సు నచ్చింది. ఒక గదిలో కళ్ళకి పెట్టుకునే వీఆర్ పరికరం పెట్టారు. అది తగిలించుకుంటే గుండె మన ఎదురుగా బిందెంత అయి కొట్టుకుంటోంది. తల తిప్పితే కవాటాలు తెరుచుకుని మూసుకోవడం కనిపిస్తోంది. నేను చదివే రోజుల్లో ఇలాంటిది ఒక్కసారి చూపించి ఉంటే సైన్సంటే అంత భయపడి తెలుగు తీసుకునేదాన్ని కాదేమో. (తెలుగు తీసుకున్నందుకు బాధ లేదు, అది వేరే విషయం.)

కీలకోపన్యాసం ఇచ్చిన పెద్దాయన, మన దగ్గర దూరం నుంచి పాఠం చెప్పడమనేది కరోనాతోనే మొదలైందన్న ధోరణిలో మాట్లాడారు. అక్కడ నాకు కాస్త చురుక్కుమంది. మా పిన్ని గుర్తొచ్చింది. పదో తరగతి కాగానే పెళ్ళి చేసేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అర్హత పరీక్ష రాసి, ఇంటర్ లేకుండానే డిగ్రీలో చేరింది. 1982లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. రేడియోలో పాఠాలు వచ్చేవి. పిన్ని వంటింటి గూట్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని, దోసెలు పోస్తూ ఆర్థికశాస్త్రం వినేది. మధ్యలో ఎవరైనా మాట్లాడితే అట్లకాడ చూపించేది. ఇంకా వెనక్కి వెళితే, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో, సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి పాఠాలు చూపించారు. సైట్ అని ఆ ప్రయోగం పేరు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. కరెంటే సరిగా లేని రోజుల్లో పల్లెటూళ్ళో ఆకాశం నుంచి పాఠం దిగిందంటే ఆలోచించండి. అంటే ఇది మనకి కొత్త విద్య కాదు. ఇందులో ఇంటి ఆడవాళ్ళు కొత్తగా వచ్చి చేరినవాళ్ళూ కాదు. వంటగది చాలాకాలం నుంచే ఒక తరగతి గది.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక యువకుడు పేపర్ సమర్పించాడు. చక్కగా తయారయ్యాడు, తడుముకోకుండా మాట్లాడాడు. కరోనా కాలంలో కొన్ని స్కూళ్ళ ఆన్‌లైన్ తరగతుల సమాచారమంతా సేకరించి గీతలు గీశాడు. పిల్లలు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎంతసేపు ఉన్నారు, క్విజ్‌లు ఎప్పుడు నింపారు, ఇవన్నీ రంగురంగుల బొమ్మల్లో తెర మీద పడుతున్నాయి. హాజరు బ్రహ్మాండంగా ఉంది. ఒక గీత రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య ఉన్నట్టుండి కొండలా లేచింది. దాన్ని లేజర్ లైటుతో చూపిస్తూ ఆ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పిందానికి సారాంశం ఇది: క్విజ్‌లు ఎక్కువగా ఈ సమయంలోనే వచ్చాయి, అంటే పిల్లలు రాత్రిపూట ప్రశాంతంగా, తమ వేగంతో, తమంతట తాము నేర్చుకోవడానికి ఇష్టపడుతున్నారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత కడుపులో ఏదోలా అయింది. ఎందుకంటే ఆ కొండలో నేనున్నాను.

మా ఇంటి సంగతి చెప్పాలి. 2020 మార్చిలో స్కూళ్ళు మూసేశారు. ఆ జూన్ నుంచి లెక్కేస్తే అబ్బాయి పదో తరగతి, అమ్మాయి ఆరు. ఇంట్లో మా ఆయన ఫోన్ ఆఫీసు పనికి పోగా, మంచి ఫోన్ నాదొక్కటే మిగిలింది. ఇంకోటి పాతది, తెర పగిలింది, అరగంటకి మించి చార్జింగ్ నిలవదు. ఇద్దరికీ ఒకే సమయంలో తరగతులు. ఏం చేస్తాం? పదో తరగతి ముఖ్యం కదా అని మంచి ఫోన్ వాడికిచ్చాం. 'ఇచ్చాం' అని రాశాను గానీ, ఇచ్చింది నేనే. అమ్మాయికి పాత ఫోన్. ఫ్రిజ్ పక్కన ప్లగ్గు దగ్గర మాత్రమే అది బతికుండేది, అక్కడే పీట వేసుకుని కూర్చునేది. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోయేది, టీచర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేది. "అమ్మా, టీచర్ మళ్ళీ విగ్రహమైపోయింది" అనేది. మొదట్లో నవ్వుకున్నాం. మొదటి పది నిమిషాల్లో లాగిన్ అయితే హాజరు పడేది కాబట్టి, ఒక్కోసారి నేనే లాగిన్ చేసి ఫోన్ని గూట్లో పెట్టి ఉప్మా కలుపుకునేదాన్ని.

ఇక క్విజ్‌లు. రోజూ స్కూలు నుంచి గ్రూపులో గూగుల్ ఫారాలు వచ్చేవి. ఇంకా నింపనివాళ్ళ పేర్లు అందరికీ కనిపించేలా పెట్టేవాళ్ళు. రాత్రి అంట్లు తోముకుని, పాలు తోడేసి, చెయ్యి తుడుచుకుని ఫోన్ పట్టుకునేసరికి తొమ్మిది దాటేది. అమ్మాయి అప్పటికి నిద్రపోయేది. ఎందుకు లేపడం అని నేనే టిక్కులు పెట్టేసేదాన్ని. ఆరో తరగతి సైన్సులో నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. మా అపార్ట్‌మెంట్లో కింది ఫ్లోర్ ఆవిడా నేనూ సోషల్ జవాబులు ఒకరికొకరం చెప్పుకున్న రాత్రులున్నాయి. మీలో ఎంతమంది ఈ పని చేశారో నాకు తెలియదు గానీ, నేనొక్కదాన్నే అని మాత్రం నమ్మను.

దాని ఫలితం రెండేళ్ళ తర్వాత తెలిసింది. అమ్మాయి ఎనిమిదిలో ఉండగా ఒకరోజు లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఏడుస్తోంది. మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేస్తే ఎంత? తనకి తెలియదు. పూర్ణ సంఖ్యలు ఆరో తరగతి పాఠం. "నీకు చెప్పలేదా?" అని గట్టిగా అడిగాను. "చెప్పుంటారమ్మా. ఆ రోజుల్లో ఫోన్ విగ్రహమైపోయేదిగా" అంది. రికార్డుల్లో మాత్రం ఆ రోజుల్లో దానికి హాజరు ఉంది, క్విజ్ మార్కులూ ఉన్నాయి. ఇంకో సంగతి. ఏ పదో తరగతి కోసం మంచి ఫోన్ వాడికిచ్చానో, 2021లో ఆ పరీక్షలే రద్దయ్యాయి.

ఇదంతా మనసులో తిరుగుతుంటే ఆ హాల్లో చెయ్యెత్తాను. ఎందుకెత్తానో తెలియదు, మా ఆడపడుచు కంగారుగా నా వైపు చూసింది. మైకు చేతికొచ్చింది. ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునే ఓపిక లేదు, తెలుగులోనే అడిగేశాను. "బాబూ, ఆ రాత్రి తొమ్మిది గంటల క్విజ్‌లు నింపింది పిల్లలేనని మీకెలా తెలుసు? మా ఇంట్లో అయితే నేను నింపాను. ఆ టైముకి పిల్లలకి తీరిక కాదు, మాకు తీరిక."

ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసల్లో కూర్చున్న లేడీ లెక్చరర్లు గొల్లున నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు, దొరికిపోయినవాళ్ళ నవ్వు. వాళ్ళూ తల్లులేగా. అధ్యక్షత వహిస్తున్నాయన నా ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చి, "మేడమ్ డేటా ఆథెంటిసిటీ గురించి అడుగుతున్నారు" అన్నారు. నేనడిగింది అదేనేమో, కానీ ఆ రెండు ముక్కల్లో నా అంట్లు, నా పాలతోడు, నిద్రపోయిన మా అమ్మాయి ఏమైపోయారో నాకు అర్థం కాలేదు. ఆ అబ్బాయి మాత్రం మంచివాడు. దాటవేయలేదు. "నిజమే మేడమ్, ఎవరు నింపారన్నది మా దగ్గర లేదు" అన్నాడు. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. "అయితే ఎలా తెలుసుకోవాలంటారు?" అన్నాడు. "ఇళ్ళకి ఫోన్ చేసి అడగండి నాయనా. తిట్టకుండా అడిగితే చెబుతాం" అన్నాను. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఒక్క ఇంటి సంగతి పట్టుకుని వాళ్ళ పరిశోధన తప్పంటే ఎలా?" అన్నారు. న్యాయమైన మాటే. నా ఇల్లు శాస్త్రం కాదు. నేను నింపాను కాబట్టి అందరూ నింపారని కాదు. కానీ ఆయనకి నేను చెప్పింది ఇది: ఆ గీత ఇళ్ళతోనే తయారైంది. ఇళ్ళలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేని గదిలో ఆ గీతకి అర్థం చెప్పుకుంటే, చెప్పుకున్న అర్థమే నిలబడిపోతుంది. రేపు దాన్ని చూపించి ఎవరో ఒక యాప్ కొంటారు. పిల్లలు తమంతట తాము నేర్చుకుంటున్నారు కాబట్టి టీచరు అంతగా అక్కర్లేదంటారు. మా అమ్మాయి ఏడుపు ఆ లెక్కలోకి రాదు.

అందుకే అంటాను, ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళాలి. మనకి టెక్నాలజీ తెలుసని కాదు. ఆ టెక్నాలజీ మన ఇళ్ళలో ఏం చేసిందో తెలుసని.

2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' అని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి రోజుకి రెండు విడతలకి మించి ఆన్‌లైన్ పాఠాలు వద్దని, ఒక్కో విడత 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని అందులో ఉంది. మా పిల్లల స్కూలు పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా నడిపింది. ఇలాంటి నియమం ఒకటుందని నాకు తెలిసింది ఎక్కడనుకున్నారు? ఆ సదస్సులోనే. ఒక మేడమ్ చూపించిన స్లయిడ్ మీద. మూడేళ్ళు ఆలస్యంగా! అప్పుడే తెలిసి ఉంటే కనీసం ప్రిన్సిపాల్ గారిని అడిగేదాన్ని. మనకోసం రాసిన కాగితాలు మనదాకా రావు, మనం నడిచి వెళ్ళి చూసుకోవాల్సిందే.

అదే మేడమ్ ఇంకో స్లయిడ్ చూపించారు. 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది. తెలంగాణలో 26 చిల్లర. చూసి ఆశ్చర్యపోయాను. మన చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లే కనిపిస్తుంటే ప్రపంచమంతా అంతే అనుకుంటాం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆ రోజుల్లో ఇద్దరు బడి పిల్లలు. బటన్ ఫోన్ తప్ప ఇంకోటి లేదు. సప్తగిరి ఛానల్లో పాఠాలొస్తాయని నేనే చెప్పాను. "టీవీ ఉందక్కా, కానీ ఆ టైముకి మా మామ లేవడు, టీవీ గదిలోనే పడుకుంటాడు" అంది. పాఠం ఆకాశం నుంచి ఇంటి పైకప్పు దాకా వచ్చింది. పడుకున్న మామని దాటి పిల్ల దాకా రాలేకపోయింది. ఇది ఏ సర్వేలో అడుగుతారు చెప్పండి?

ఆ రోజు నాకు అన్నిటికంటే నచ్చింది మధ్యాహ్నం భోజనం తర్వాత మాట్లాడిన ఒక ప్రభుత్వ పాఠశాల పంతులమ్మ. పది నిమిషాలు ఇచ్చారు ఆవిడకి, హాలు సగం ఖాళీ. మిగతా సగం సర్టిఫికెట్ల బల్ల దగ్గర వరసలో నిలబడ్డారు. (ఉద్యోగాల్లో ప్రమోషన్లకి ఆ కాగితాలు కావాలట, వాళ్ళ బాధ వాళ్ళది, తప్పు పట్టను.) ఆవిడ పల్లెలో ఫోన్లు తండ్రులతో పాటు పనికి పోతాయి, సాయంత్రానికి గానీ ఇంటికి రావు. అది గమనించి ఆవిడ పగటి తరగతులు మానేసింది. మూడు నాలుగు నిమిషాల మాటల పాఠం రికార్డు చేసి, సాయంత్రం ఏడున్నరకి వాట్సాప్‌లో పంపేది. వీడియో కాదు, మాట మాత్రమే. డేటా తక్కువ పడుతుంది, నాన్న ఎత్తుకుపోయినా రేపు మళ్ళీ వినొచ్చు. పాఠం చివర ఒక ప్రశ్న అడిగేది, కానీ జవాబు ఫోన్లో పంపక్కర్లేదు, నోటుబుక్‌లో రాసుకోవాలి. వారానికోసారి ఆవిడే బండి మీద తిరిగి నోటుబుక్కులు చూసేది. అమ్మలు టిక్కులు పెట్టే వీలే లేదు! ఆవిడ తెలుగులో మాట్లాడింది. అందుకేనేమో ఎవరూ పెద్దగా ప్రశ్నలు అడగలేదు. వీఆర్ గుండె దగ్గర మాత్రం సాయంత్రం దాకా క్యూ ఉంది.

భాష గురించి కూడా చెప్పాలి. తెలుగు చదువుకున్నదాన్ని, చెప్పకపోతే నిద్రపట్టదు. వేదిక మీద ఉన్నవాళ్ళూ తెలుగువాళ్ళే, కింద ఉన్నవాళ్ళూ తెలుగువాళ్ళే. కాఫీ దగ్గర "ఏవండీ, మీదే ఊరు?" అని హాయిగా మాట్లాడుకుంటారు. మైకు పట్టుకోగానే ఇంగ్లీషు. బయటి రాష్ట్రాల వాళ్ళు వచ్చే సభల్లో అది తప్పదు, ఒప్పుకుంటాను. కానీ పేరులోనే 'ప్రాంతీయ' అని పెట్టుకున్న సదస్సులో ఒక్క పూటైనా ప్రాంతం భాషలో నడవకపోతే, ఆ పంతులమ్మ లాంటివాళ్ళు ఎంతమంది నోరు విప్పకుండా వెళ్ళిపోతున్నారో. రెండోసారి నేను వెళ్ళిన సదస్సు, వెళ్ళడమంటే వంటింట్లో ఫోన్ నిలబెట్టుకుని చూడడమే, సగం హాల్లో సగం ఆన్‌లైన్లో జరిగింది. చాట్‌లో తెలుగులో ఒక ప్రశ్న టైపు చేశాను. దాని పైనున్న ప్రశ్న చదివారు, కింద ఉన్నది చదివారు, నాది దాటేశారు. చదవలేక కాదు, ఆయన తెలుగాయనే. సభా మర్యాదకి సరిపోదనుకున్నారేమో. అంతా చేసి ఆ రోజు అంశం 'అందరికీ అందే డిజిటల్ విద్య'.

నేను ఆన్‌లైన్ చదువుకి వ్యతిరేకిని అనుకోవద్దు. నా స్నేహితురాలు తెనాలిలో కూర్చుని డల్లాస్‌లో ఉన్న తెలుగు పిల్లలకి సంగీతం నేర్పుతుంది. తనకి పొద్దున్న ఆరు, వాళ్ళకి సాయంత్రం. తన సంపాదనతో తనే స్కూటీ కొనుక్కుంది. మా అబ్బాయి ఇప్పుడు ఇంజనీరింగ్‌లో సగం పాఠాలు యూట్యూబ్‌లోనే వింటాడు, వాడికి బాగానే వంటబడుతోంది. వాడికి పంతొమ్మిదేళ్ళు, సొంత ఫోను, సొంత గది. పదకొండేళ్ళ పిల్లకి, ఫ్రిజ్ పక్కన పీట మీద, అదే పద్ధతి పనిచేస్తుందనుకోవడం దగ్గరే నా పేచీ.

ఇక నిర్వాహకులకి ఒక మాట. మూడో సదస్సు తర్వాత ఉత్తరం కూడా రాశాను. తల్లిదండ్రులకి రుసుము తీసెయ్యండి, లేదా ఒక పూటకి యాభై రూపాయలు పెట్టండి. ఐదొందలు పెట్టి సభకెళ్ళడమంటే మా ఇళ్ళలో సంజాయిషీ చెప్పుకోవాలి. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే మాలో ఎవరం రాలేం, పదకొండు నుంచి మూడు దాకా ఒక సెషన్ మాకోసం ఉంచండి. ఆ పల్లె పంతులమ్మలని పొద్దున్నే మాట్లాడించండి. ఇంతే రాశాను. మర్యాదగా జవాబొచ్చింది, 'పరిశీలిస్తాం' అని. చూడాలి.

మనవాళ్ళకీ ఒక మాట ఉంది, కాస్త కటువుగానే. అపార్ట్‌మెంట్లో పదిమందిని పిలిచాను, "మనకెందుకే అవన్నీ" అన్నారు. అదే పదిమందీ పిల్లల ట్యాబ్ గురించి, కళ్ళద్దాల గురించి, అర్ధరాత్రి రీల్స్ గురించి లిఫ్ట్ దగ్గర అరగంట నిలబడి మాట్లాడతారు. లిఫ్ట్ దగ్గర మాట్లాడితే లిఫ్ట్‌మ్యాన్‌కి తెలుస్తుంది. మీ ఊరి చుట్టుపక్కల కాలేజీల్లో ఏడాదికి ఒకటైనా ఇలాంటిది జరుగుతుంది. గేటు మీద ఫ్లెక్సీ కడతారు. కాలేజీలో పనిచేసే బంధువులో పక్కింటివాళ్ళో ఉంటే అడగండి. అన్నీ అర్థం కానక్కర్లేదు, నాకూ సగం అర్థం కాలేదు. కార్యక్రమం కాగితంలో మీ ఇంటికి సంబంధించింది ఒక్కటి వెతుక్కుని, దానికి కూర్చోండి. ఒక్క ప్రశ్న తెలుగులో అడగండి. గొంతు వణికితే వణకనివ్వండి, నాదీ వణికింది.

అమ్మాయి విషయం. ఆ ఏడ్చిన రోజు నుంచి రాత్రి తొమ్మిదికి, అదే తొమ్మిదికి, ఇద్దరం ఆరో తరగతి లెక్కల పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాం. నాకూ రాకపోతే అన్నయ్యని పిలిచేది. వాడు మొదట్లో విసుక్కున్నా, "ఆ రోజు ఫోన్ నాకిచ్చావు కదమ్మా" అని తనంతట తనే అన్నాడొకసారి. వేసవి అయ్యేసరికి పుస్తకం పూర్తయింది. ఇప్పుడు అది పది. మైనస్‌లు బానే చేస్తుంది, భిన్నాలంటే మాత్రం ఇంకా మొహం చిట్లిస్తుంది. దానికి నేను సారీ చెప్పాను. "పోనీలే, నీకు సైన్సులో పద్దెనిమిది వచ్చాయిగా" అంది దొంగపిల్ల.

వచ్చే నెల మళ్ళీ ఒక సదస్సు ఉందని ఆడపడుచు లింకు పంపింది. ఈసారి కింది ఫ్లోర్ ఆవిడ కూడా వస్తానంది, పనిచేసే అమ్మాయిని కూడా అడిగాను, ఆ పూట జీతం కట్ చెయ్యకపోతే వస్తానంది. మామ సంగతి తనే చెప్పాలని నా ఆశ. ముగ్గురి ఫారాలూ నేనే నింపుతున్నాను. సంస్థ అన్న గడి దగ్గర ఈసారి కూడా ఫారం ఆగిపోయింది. మూడింటిలోనూ 'ఇల్లు' అని రాశాను, తీసుకుంది.